ఇంట్లో ఒకరికి సోకాక: డెల్టా కాలపు టీకా లెక్కలను చదవడం ఎలా

2021 అక్టోబరు చివర్లో ‘లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్’ పత్రిక ప్రచురించిన ఒక బ్రిటన్ అధ్యయనం నుంచి రెండు అంకెలు ప్రపంచమంతా చుట్టివచ్చాయి. డెల్టా రకం కరోనా వైరస్ ఇంట్లో ముందుగా బయటపడిన వ్యక్తి రెండు డోసుల టీకా వేసుకుని ఉంటే, ఆ ఇంట్లో మిగిలినవారిలో 25 శాతం మందికి అది అంటుకుంది. ఆ వ్యక్తి అసలు టీకా వేసుకోకపోయి ఉంటే 23 శాతం మందికి అంటుకుంది. టీకా వేసుకున్నవారు కూడా వేసుకోనివారితో సమానంగా వైరస్‌ను అంటిస్తారన్న మాట దాంతో బాగా పాతుకుపోయింది. టీకాలను వ్యతిరేకించేవారు ఆ అంకెలను ఆయుధంగా పట్టుకున్నారు. సమర్థించేవారిలో కొందరు అసలు ఆ అధ్యయనం ఊసెత్తడానికే జంకారు.

అదే అధ్యయనంలో మరో జత అంకెలు కూడా ఉన్నాయి. ఇంట్లో ఒకరికి డెల్టా సోకినప్పుడు, మిగతావారిలో రెండు డోసులూ పూర్తయినవారికి అంటుకున్నది 25 శాతం మందికి కాగా, ఒక్క డోసూ వేసుకోనివారిలో 38 శాతం మందికి అంటుకుంది. మొదటి జత అంకెలు అంటించేవారి గురించి చెబుతాయి. రెండో జత అంటించుకునేవారి గురించి చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఒకదాని జవాబును రెండోదానికి అతికించినందువల్లే గందరగోళమంతా పుట్టింది. ఇవి రెండూ కాక మూడో ప్రశ్న ఒకటుంది. వైరస్ అసలు గడప దాటి ఇంట్లోకి వచ్చే అవకాశాన్ని టీకా ఎంత తగ్గించిందన్నదే అది. ఇంటి లోపలి వ్యాప్తిని కొలిచే అధ్యయనాల్లో దీనికి చోటు ఉండదు, ఎందుకంటే అవి లెక్క మొదలుపెట్టేదే వైరస్ గడప దాటిన తర్వాత.

ఈ అధ్యయనం ఎలా జరిగిందో కొంచెం దగ్గరగా చూడటం అవసరం. ఇంపీరియల్ కాలేజీ లండన్‌కు చెందిన ప్రొఫెసర్ అజిత్ లల్వానీ నేతృత్వంలోని బృందం 2020 సెప్టెంబరు నుంచి 2021 సెప్టెంబరు వరకు, ప్రభుత్వ కాంటాక్ట్ ట్రేసింగ్ వ్యవస్థ ద్వారా కొత్తగా పాజిటివ్ వచ్చినవారిని గుర్తించి, వారి చుట్టూ ఉన్నవారిని చేర్చుకుంది. 471 మంది రోగులకు సంబంధించిన 602 మంది కాంటాక్టులు ఇందులో పాల్గొన్నారు. జ్వరం, దగ్గు ఉన్నా లేకపోయినా వీరి నుంచి రోజూ స్వాబ్ నమూనాలు సేకరించారు; ఒక్కొక్కరి నుంచి 20 రోజుల వరకు ఇలా తీసుకున్నారు. అలా పోగైన నమూనాలు 8,145. ప్రతి నమూనాకు పీసీఆర్ పరీక్ష చేసి, వైరస్ ఉందా లేదా అన్నదే కాక, ఏ రోజు ఎంత పెరిగింది, ఏ రోజు నుంచి తగ్గడం మొదలైంది అన్నదీ గీత గీసినట్లు నమోదు చేశారు. ఇంటి వ్యాప్తిపై వచ్చిన చాలా అధ్యయనాలు, ఒంట్లో బాగాలేదని తమంతట తాము పరీక్షకు వెళ్లినవారి ఫలితాల మీద ఆధారపడ్డాయి. లక్షణాలు లేకుండా సోకి పోయినవారు ఆ లెక్కల్లోకి రారు. రోజూ స్వాబ్ తీస్తే అలాంటివారు దాక్కోలేరు. చిన్నదైనా ఈ అధ్యయనానికి అంత విలువ రావడానికి కారణం ఇదే.

అది ఎంత చిన్నదో కూడా చూడాలి. డెల్టా సోకిన 138 మంది ఇళ్లలోని కాంటాక్టులు మొత్తం 205 మంది. వారిలో రెండు డోసులు పూర్తయినవారు 126, ఒక డోసు మాత్రమే వేసుకున్నవారు 39, అసలు వేసుకోనివారు 40. వైరస్ సోకింది 53 మందికి. వారిలో 31 మంది రెండు డోసులవారు, ఏడుగురు ఒక డోసువారు, 15 మంది ఏ డోసూ లేనివారు. 38 శాతం అన్న అంకె వెనక ఉన్నది ఈ 40 మందిలో 15 మంది. మరో ఇద్దరికి సోకి ఉంటే అది 43 శాతం అయ్యేది, ఇద్దరికి తగ్గి ఉంటే 33 శాతానికి దిగేది. అందుకే పరిశోధకులు ఒక్క అంకె చెప్పి ఊరుకోలేదు. టీకా లేనివారిలో అసలు రేటు 24 నుంచి 53 శాతం మధ్య, టీకా ఉన్నవారిలో 18 నుంచి 33 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చని పరిధులు ఇచ్చారు. ఈ రెండు పరిధులూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. కాబట్టి 38కి 25కి మధ్య తేడాను చూపి టీకా రక్షణ ఇంట్లో ఇంత శాతం అని గట్టిగా చెప్పడానికి ఈ ఒక్క అధ్యయనం చాలదు. అదే కొలబద్దను 25, 23 జతకు కూడా పెట్టాలి. అక్కడ పరిధులు 15 నుంచి 35, 15 నుంచి 31. అంత వెడల్పున్న పరిధిలో, టీకా వేసుకున్నవారు అంటించడం మూడో వంతు తగ్గి ఉన్నా, కొంత పెరిగి ఉన్నా ఇమిడిపోతుంది. తేడా లేదని రుజువు కావడానికీ, ఉన్న తేడా పట్టుబడకపోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని శీర్షికలు రాసినవారు పట్టించుకోలేదు.

సోకిన 53 మందిలో 31 మంది, అంటే సగానికి పైగా, రెండు డోసులు వేసుకున్నవారే కదా, మరి టీకా ఏం పనిచేసినట్లు అన్న ప్రశ్న కూడా అప్పట్లో బాగా వినిపించింది. ఇది చూడటానికి బలంగా కనిపిస్తుంది కానీ లెక్కలో నిలవదు. ఆ ఇళ్లలోని కాంటాక్టుల్లో 62 శాతం మంది రెండు డోసులవారే అయినప్పుడు, టీకా ప్రభావం శూన్యమైతే సోకినవారిలో కూడా వారి వాటా దాదాపు 62 శాతం ఉండాలి. ఉన్నది 58 శాతం. టీకా లేనివారు కాంటాక్టుల్లో 20 శాతమే అయినా సోకినవారిలో 28 శాతం ఉన్నారు. ఊరంతా టీకా వేసుకుంటే ఆ ఊళ్లో సోకిన ప్రతి ఒక్కరూ టీకా వేసుకున్నవారే అవుతారు. 2021 జులైలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రావిన్స్‌టౌన్ పట్టణం కేంద్రంగా 469 కేసులు బయటపడి, వాటిలో 74 శాతం మంది టీకా పూర్తయినవారే అని తేలినప్పుడు కూడా ఇదే గగ్గోలు పుట్టింది. ఆ ప్రాంతంలో టీకా వేసుకున్నవారి వాటా ఎంత అన్నది అడగకుండా 74 శాతానికి అర్థం చెప్పలేం.

ఇక మూడో ప్రశ్న దగ్గరికి వద్దాం. వెయ్యిమంది టీకా వేసుకున్నవారిని, వెయ్యిమంది వేసుకోనివారిని ఊహించుకుందాం. ఇవి అధ్యయనాల అంకెలు కావు, లెక్క తీరు తెలియడానికి వేసుకున్నవి మాత్రమే. ఒక విడత వ్యాప్తిలో టీకా లేనివారిలో 100 మంది వైరస్‌ను ఇంటికి తెచ్చారనీ, టీకా ఆ అవకాశాన్ని సగానికి తగ్గించిందనీ అనుకుందాం. అప్పుడు టీకా వేసుకున్నవారిలో 50 మందే తెస్తారు. ప్రతి ఇంట్లో మరో ముగ్గురు ఉన్నారనీ, ఎవరు తెచ్చినా 25 శాతం చొప్పునే అంటుకుందనీ అనుకుంటే, మొదటి గుంపు ఇళ్లలో 75 మందికి, రెండో గుంపు ఇళ్లలో 37 లేదా 38 మందికి సోకుతుంది. సోకిన తర్వాత అంటించే రేటులో రవ్వంత తేడా లేకపోయినా, ఇళ్లలో జరిగిన మొత్తం వ్యాప్తి సగమైంది. ఇంట్లో ఉన్నవారు కూడా టీకా వేసుకుని ఉంటే ఆ 25 శాతం మరికొంత తగ్గుతుంది. ఇంటి వ్యాప్తి అధ్యయనం చూపించే 25, 23 అంకెలు ఈ గొలుసులో మధ్య లంకె ఒక్కదానివే. సోకని మనిషి ఎవరికీ అంటించడు. కానీ సోకని మనుషుల ఇళ్లు అధ్యయనంలో చేరవు.

సోకిన తర్వాతి లంకె గురించి కూడా బ్రిటన్ అధ్యయనం ఒక్కటే ఆధారం కాదు. అంతకు కొద్ది నెలల ముందు, ఆల్ఫా రకం చలామణిలో ఉన్న 2021 జనవరి, ఫిబ్రవరి నెలల సమాచారంతో ఇంగ్లండ్‌లోనే చాలా పెద్ద లెక్క ఒకటి తీశారు. టీకా వేసుకోని రోగుల ఇళ్లలో 9,60,765 మంది కాంటాక్టులుంటే వారిలో 10.1 శాతం మందికి సోకింది. ఆస్ట్రాజెనెకా టీకా వేసుకుని 21 రోజులు దాటాక పాజిటివ్ వచ్చినవారి ఇళ్లలో అది 5.7 శాతం, ఫైజర్ వేసుకున్నవారి ఇళ్లలో 6.2 శాతం. వారిలో అత్యధికులు వేసుకున్నది అప్పటికి ఒక్క డోసే. వయసు వంటి తేడాలు సరిచేశాక, అంటించే అవకాశం 40 నుంచి 50 శాతం తగ్గినట్లు తేలింది. ఇక్కడ రేటు 10 శాతం దగ్గర ఉంటే లల్వానీ బృందానికి 25 శాతానికి పైగా ఎందుకు వచ్చిందన్న సందేహం సహజం. వైరస్ రకం మారడం ఒక కారణమైతే, రోజూ స్వాబ్ తీయడం మరో కారణం. వెతికినకొద్దీ దొరుకుతాయి. అందుకే ఒక అధ్యయనపు శాతాన్ని తీసుకొచ్చి మరో అధ్యయనపు శాతం పక్కన పెట్టి పోల్చడం పనికిరాదు. ఒకే అధ్యయనంలోని రెండు గుంపులను పోల్చడమే పనికొస్తుంది.

డెల్టా వచ్చాక ఆ 40, 50 శాతాల రక్షణ నిలిచిందా అన్నదానికి నెదర్లాండ్స్ సమాచారం మంచి ఆధారం. 2021 ఆగస్టు, సెప్టెంబరుల్లో అక్కడి కాంటాక్ట్ ట్రేసింగ్ రికార్డులను పరిశీలిస్తే, టీకా పూర్తయిన రోగి నుంచి ఇంట్లోని టీకా లేని మనిషికి అంటుకునే అవకాశం 63 శాతం తగ్గింది. అంతకుముందు ఆల్ఫా కాలంలో ఈ తగ్గుదల 73 శాతం. అయితే రోగి, కాంటాక్టు ఇద్దరూ టీకా వేసుకున్నవారైతే, రోగి టీకా వల్ల అదనంగా కనిపించిన తగ్గుదల 40 శాతమే. కాంటాక్టుకు తన టీకా వల్ల అప్పటికే కొంత రక్షణ ఉంది కాబట్టి, దాన్ని దాటుకుని అంటుకునేంత బలంగా వైరస్ ఉన్న సందర్భాలే ఈ లెక్కలో మిగులుతాయన్నది ఒక వివరణ. లల్వానీ బృందం అధ్యయనంలో కాంటాక్టుల్లో ఎక్కువమంది టీకా వేసుకున్నవారే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంగ్లండ్ అంతటా 1,08,498 మంది రోగులకు సంబంధించిన 1,46,243 మంది కాంటాక్టులను పరిశీలించి 2022 ఆరంభంలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రకటించిన ఫలితాలు తెలుగు పాఠకులకు మరింత దగ్గరివి. వారు ఫైజర్‌తో పాటు లెక్కించిన ఆస్ట్రాజెనెకా టీకానే పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతో తయారుచేసింది. మన రాష్ట్రాల్లోనూ ఎక్కువమంది వేయించుకున్నది అదే. టీకా లేని రోగితో పోలిస్తే, ఆస్ట్రాజెనెకా రెండు డోసులు వేసుకున్న రోగి నుంచి కాంటాక్టుకు సోకే రేటు ఆల్ఫా కాలంలో 52 శాతం తగ్గితే, డెల్టా కాలంలో 24 శాతమే తగ్గింది. ఫైజర్ విషయంలో ఇవి 68, 50 శాతాలు. ఈ తగ్గుదల కూడా నిలకడగా లేదు. రెండో డోసు తర్వాత 12 వారాలు గడిచేసరికి ఆస్ట్రాజెనెకా వేసుకున్న రోగి, వేసుకోని రోగి ఇంచుమించు ఒకే స్థాయిలో డెల్టాను అంటించారు. అంటే 25, 23 అన్న ఆ ప్రసిద్ధమైన జత తప్పు కాదు. డోసు వేసుకుని నెలలు గడిచిన జనంలో, డెల్టా కాలంలో, పెద్ద అధ్యయనం సైతం దాదాపు అదే చూపింది. అది టీకాల లక్షణమంతటికీ అద్దం కాదు. ఒక రకం వైరస్, డోసు తర్వాత గడిచిన ఇన్ని నెలలు అన్న రెండు షరతుల మధ్య తీసిన ఫొటో.

కాలం సంగతి లల్వానీ బృందం సమాచారంలోనూ బయటపడింది. రెండు డోసులు వేసుకున్న కాంటాక్టుల్లో వైరస్ సోకినవారు రెండో డోసు తర్వాత అధ్యయనంలో చేరేసరికి గడిచిన కాలం మధ్యస్థంగా 101 రోజులు. సోకనివారిలో అది 64 రోజులు. రెండు మూడు నెలల్లోనే రక్షణ సడలడం మొదలవుతోందని దీనివల్ల వారు తేల్చారు. బ్రిటన్‌లో ముందుగా డోసులు అందింది వృద్ధులకు కాబట్టి, ఎక్కువ రోజులు గడిచినవారిలో ఎక్కువ వయసువారు ఉండే అవకాశం ఉంది; రోజుల ప్రభావాన్నీ వయసు ప్రభావాన్నీ పూర్తిగా విడదీయడం ఇంత చిన్న గుంపులో సాధ్యం కాదు. అయినా మూడో డోసు విషయంలో ఆ దేశం తొందరపడటం సరైనదేనని ఈ అంకెలు బలపరిచాయి.

శరీరంలో జరిగేదేమిటో చూస్తే ఈ ఫలితాలు అంత వింతగా తోచవు. భుజానికి వేసిన టీకా రక్తంలో యాంటీబాడీలను, జ్ఞాపకశక్తి ఉన్న కణాలను బాగా తయారుచేస్తుంది. ఊపిరితిత్తుల లోతుల్లోకి వైరస్ దిగి ప్రాణం మీదికి తెచ్చే దశను ఇవి గట్టిగా అడ్డుకుంటాయి. వైరస్ మొదట దిగే చోటు మాత్రం ముక్కు, గొంతు లోపలి తడిపొర. అక్కడ కాపలా కాయాల్సిన యాంటీబాడీలు వేరే తరగతివి. భుజానికి వేసే టీకాతో అవి తక్కువే తయారవుతాయి. డోసు వేసిన కొత్తలో రక్తంలోని యాంటీబాడీలు పొంగిపొర్లి ఆ తడిపొర వరకూ కొంత చేరతాయి. నెలలు గడిచి వాటి మట్టం తగ్గగానే ముక్కు దగ్గరి కాపలా ముందుగా పలచబడుతుంది. లోపలి రక్షణ అంతకాలం తర్వాత కూడా నిలుస్తుంది.

రోజూ తీసిన స్వాబ్‌లు గీసిన గీతలు సరిగ్గా ఇదే చెప్పాయి. డెల్టా సోకినవారిలో వైరస్ శిఖరానికి చేరినప్పటి మోతాదు టీకా ఉన్నా లేకున్నా ఒకటే. శిఖరం నుంచి దిగడంలో మాత్రం తేడా కనిపించింది: మోతాదును పదింతల మెట్లుగా లెక్కిస్తే, టీకా వేసుకున్నవారిలో అది రోజుకు 0.95 మెట్టు చొప్పున, డెల్టా సోకిన టీకా లేనివారిలో 0.79 మెట్టు చొప్పున పడిపోయింది. జ్ఞాపక కణాలు మేలుకుని రంగంలోకి దిగడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా డెల్టా తన శిఖరాన్ని చేరుకునే ఉంటుంది. ఒకే ఇంట్లో ఉన్నవారికి ఎక్కువగా అంటుకునేది ఆ శిఖరం చుట్టూ ఉన్న రోజుల్లోనే. కాబట్టి త్వరగా దిగిపోవడం వల్ల రోగికి మేలు జరిగినా, అదే మంచం మీద పడుకున్న భార్యకో భర్తకో ఒరిగేది తక్కువ. ఆఫీసులోనో బస్సులోనో ఐదు రోజుల తర్వాత కలిసేవారికి ఒరిగేది ఎక్కువ. ఇంటి అధ్యయనాల ఫలితాన్ని వీధికి, బడికి, కర్మాగారానికి ఉన్నదున్నట్లు తీసుకెళ్లకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు. పీసీఆర్ లెక్కించేది వైరస్ జన్యు పదార్థాన్ని తప్ప బతికున్న వైరస్‌ను కాదన్నది కూడా మరువకూడదు. ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో టీకా వల్ల వ్యాప్తి తగ్గిన దానిలో, పరీక్ష రోజు కనిపించిన వైరస్ మోతాదు తేడాతో వివరించగలిగింది 7 నుంచి 23 శాతం మాత్రమే. మిగతాదంతా ఆ ఒక్క రోజు స్వాబ్‌కు అందని విషయం.

ఎవరి నుంచి ఎవరికి అంటిందన్న లెక్కలోనే ఒక బలహీనత ఉంది. ఇంట్లో మొదట పాజిటివ్ వచ్చినవారిని మొదటి రోగిగా రాసుకుంటారు. కానీ మొదట పరీక్ష చేయించుకున్నవారే మొదట సోకినవారు కానక్కర్లేదు. లక్షణాలు పెద్దగా లేని పిల్లవాడి నుంచి తల్లికి అంటి, ఆమెకు జ్వరం వచ్చి పరీక్ష చేయించుకుంటే కాగితం మీద మొదటి రోగి తల్లి, ఆమె నుంచి అంటించుకున్నవాడు పిల్లవాడు అవుతారు. ఇద్దరూ ఒకే పెళ్లిలో మూడో మనిషి నుంచి అంటించుకుని వచ్చినా లెక్కలో ఒకరు రెండోవారికి అంటించినట్లే పడుతుంది. టీకా వేసుకున్నవారిలో లక్షణాలు తక్కువగా ఉంటాయి కనుక వారు మొదటి రోగులుగా తక్కువ నమోదవుతారు, నమోదైనవారు కాస్త జబ్బు ఎక్కువగా ఉన్నవారు అవుతారు. ఇది టీకా ప్రభావాన్ని ఉన్నదానికంటే తక్కువ చేసి చూపవచ్చు. టీకా వేసుకోనివారిలో కొందరికి అప్పటికే ఒకసారి కోవిడ్ వచ్చి పోయి, సహజంగా వచ్చిన రక్షణ ఉంటే అది కూడా తేడాను కప్పేస్తుంది. లల్వానీ బృందం టీకా వేసుకున్న కాంటాక్టులకు సోకిన 31 సందర్భాల్లో 12కు టీకా వేసుకున్న రోగులే మూలమని గుర్తించి, వాటిలో మూడు జతల్లో వైరస్ జన్యుక్రమాన్ని పోల్చి మరీ నిర్ధారించుకుంది. టీకా వేసుకున్నవారి నుంచి టీకా వేసుకున్నవారికి అంటగలదన్నది దాంతో సందేహానికి అతీతమైంది. ఎంత తరచుగా అంటుతుందన్నది వేరే ప్రశ్న, దానికి మూడు జతలు చాలవు.

టీకా ఊసు పక్కనపెట్టినా ఇల్లు వైరస్‌కు అనువైన చోటే. టీకాలు రాకముందు 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల కాంటాక్ట్ ట్రేసింగ్ సమాచారంతో రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 84,965 మంది రోగుల చుట్టూ ఉన్న 5,75,071 మంది ఫలితాలున్నాయి. రోగి నుంచి కాంటాక్టుకు అంటుకునే అవకాశం బయటి సమాజంలో 2.6 శాతం ఉంటే, ఇంట్లో 9 శాతం. ఇంకో ఆసక్తికరమైన సంగతి, రోగుల్లో 71 శాతం మంది నుంచి వారి కాంటాక్టుల్లో ఒక్కరికీ అంటలేదు; కొద్దిమంది నుంచే చాలామందికి పాకింది. అదే ఏడాది వివిధ దేశాల 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, రోగి నుంచి జీవిత భాగస్వామికి 37.8 శాతం, ఇతర కుటుంబ సభ్యులకు 17.8 శాతం అంటినట్లు తేలింది. ఇల్లంతా ఒకటే గాలి అనుకుంటాం గానీ, పడకగది గాలి వేరు, వరండా గాలి వేరు.

గది అన్నదే లేని ఇళ్ల సంగతి ఏమిటన్నది మన దగ్గర అధ్యయనాల కంటే వార్తల్లోనే ఎక్కువగా కనిపించింది. 2021 మే నెలలో, రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, నల్లగొండ జిల్లాలో పాజిటివ్ వచ్చిన ఒక విద్యార్థి, ఇంట్లో విడిగా ఉండటానికి చోటు లేక, ఆవరణలోని చెట్టు కొమ్మల మధ్య వెదురు బొంగులతో మంచె కట్టుకుని 11 రోజులు అక్కడే గడిపాడు. హోం ఐసొలేషన్ అనే మాట సొంత గది, సొంత మరుగుదొడ్డి ఉన్న ఇంటిని మనసులో పెట్టుకుని పుట్టింది. అవి లేని ఇంట్లో టీకా ఒక్కటే అడ్డుగా మిగులుతుంది; ఆ అడ్డు బ్రిటన్ ఇళ్లలో పనిచేసినంతగా ఇక్కడ పనిచేస్తుందని ముందే అనుకోవడానికి లేదు, ఎందుకంటే రోజంతా ఎడతెగకుండా తగిలే వైరస్ మోతాదు ఎక్కువ.

2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చి ఈ లెక్కలను మళ్లీ కదిలించింది. డెన్మార్క్‌లో డిసెంబరు నెల ఇళ్ల సమాచారం చూస్తే, డెల్టా ఇంట్లో మిగిలినవారిలో 21 శాతం మందికి అంటగా, ఒమిక్రాన్ సుమారు 30 శాతం మందికి అంటింది. ఈ పెరుగుదల ఎక్కడ ఉందో చూసిన పరిశోధకులకు అసలు విషయం దొరికింది. టీకా లేనివారిలో రెండు రకాల మధ్య తేడా స్వల్పం. టీకా వేసుకున్నవారిలోనే పెద్ద తేడా. అంటే ఒమిక్రాన్ దూకుడుకు ప్రధాన కారణం దాని సహజ వేగం కాదు, పాత టీకా నేర్పిన గుర్తులను తప్పించుకునే నేర్పు. అయినా ఒమిక్రాన్ ఇళ్లలో సైతం టీకా లేనివారికి అంటుకునే అవకాశమే రెండు డోసులవారికంటే ఎక్కువగా ఉంది, మూడో డోసు వేసుకున్నవారికి అంతకన్నా తక్కువగా ఉంది.

విధానాలు ఈ అంకెల వెనక నడిచాయి, కొన్నిసార్లు వాటిని దాటి ముందుకు పరుగెత్తాయి. ప్రావిన్స్‌టౌన్ ఘటన తర్వాత అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 జులై చివర్లో, వ్యాప్తి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో టీకా వేసుకున్నవారు కూడా నలుగురిలో ఉన్నప్పుడు మాస్కు పెట్టుకోవాలని సలహా మార్చింది. అదే సంస్థ ఆ డిసెంబరులో ఐసొలేషన్ గడువును 10 రోజుల నుంచి 5 రోజులకు కుదించింది. లల్వానీ బృందమే 2022లో మరో అడుగు వేసి, జన్యు పదార్థాన్ని కాక బతికున్న వైరస్‌ను ల్యాబులో పెంచి చూసినప్పుడు, లక్షణాలు మొదలైన ఐదు రోజుల తర్వాత కూడా మూడింట రెండు వంతుల మంది వైరస్‌ను వదులుతూనే ఉన్నారు. ఏడు రోజులకు ఆ వాటా నాలుగో వంతుకు పడింది. ఐదు రోజులకే ఐసొలేషన్ ముగించవచ్చన్న సలహా ఎంత తొందరపాటుదో ఇంట్లో వృద్ధులున్నవారికి వివరించనక్కర్లేదు.

ముక్కు దగ్గరి కాపలా పలచగా ఉండటమే సమస్య అయితే టీకాను ముక్కులోనే వేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్, అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పరిజ్ఞానంతో ఇన్‌కోవ్యాక్ అనే చుక్కల టీకాను తయారుచేసింది. 2022 సెప్టెంబరులో దానికి అత్యవసర అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న అధికారికంగా విడుదలైంది. అనుమతికి ఆధారం భద్రత, శరీరంలో పుట్టిన రోగనిరోధక స్పందన. ముక్కులో వేసిన టీకా ఇంట్లో వ్యాప్తిని నిజంగా తగ్గిస్తుందా అన్నది తేలాలంటే మళ్లీ ఇళ్లలోకి వెళ్లి, రోజూ స్వాబ్ తీసి, ఎవరి నుంచి ఎవరికి అన్నది జన్యుక్రమంతో సరిచూడాలి. ఆ టీకా బయటికి వచ్చేనాటికి మన జనాభాలో ఎక్కువమందికి టీకా ద్వారానో, జబ్బు ద్వారానో, రెండింటి ద్వారానో రక్షణ వచ్చేసింది. పోల్చి చూడటానికి ఆ రెండూ ఎరుగని మనుషుల గుంపు దొరకడం అప్పటికే దాదాపు అసాధ్యమైంది.